రెండో పుట్టుమచ్చ

సెప్టెంబరు 3, మంగళవారం

ఫొటోల అమ్మాయి మళ్ళీ మెసేజ్ పెట్టింది. "అక్కా, మీ ఫారం ఇంకా రాలేదు. ఆయనది వచ్చి పదిహేను రోజులైంది."

ఫారంలో పదకొండు ప్రశ్నలు. మొదటిదే, మీ పెళ్ళి ఫొటోలకి మీకు నప్పే శైలి ఏది? కింద నాలుగు గళ్ళు. నిలబెట్టి తీసేవి. చెప్పకుండా తీసేవి. పొద్దున్నుంచీ వెంటే ఉండి కథలాగా తీసేవి. నలుపు తెలుపు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఎవరికి వాళ్ళు విడిగా నింపాలట. ఆల్బం చేతికొచ్చేదాకా ఒకరు రాసింది ఒకరికి చూపించదట. ఆ అమ్మాయి పద్ధతి అది.

పెళ్ళి ఇంకా నలభై రోజులుంది. నాకు ఎడమ పక్క మొహం పడిపోయి ఈ రోజుకి ఆరు రోజులు. పళ్ళు తోముకుని పుక్కిలిస్తే నీళ్ళు ఆ పక్కనుంచి జాకెట్టు మీదకి కారిపోయాయి. అలా తెలిసింది.

"నరం వాచింది. చాలామందికి తిరిగి వస్తుంది. మూడు వారాలా, మూడు నెలలా, నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

"పెళ్ళి అక్టోబరు పదమూడున" అంది అమ్మ, ఆయనేదో నరంతో మాట్లాడి ఒప్పిస్తాడన్నట్టు.

నాకేం బాధగా లేదు. రాసుకుంటున్నానంతే.

సెప్టెంబరు 4

ఎడమ కన్ను మూతపడదు. పడుకునే ముందు అమ్మ టేపు అతికిస్తుంది. చుక్కల మందు నాలుగుసార్లు. ఆ కన్ను దానంతటదే కారుతూ ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

సెప్టెంబరు 5, గురువారం

కళ్ళజోళ్ళ షాపులో ఓనరు గారు నన్ను వెనక గదికి మార్చారు. "నీకు సుఖంగా ఉంటుందని, అమ్మాయ్" అన్నారు. తొమ్మిదేళ్ళు కౌంటరులో నిలబడ్డాను. గుండ్రటి మొహానికి పలకల ఫ్రేము, కోల మొహానికి గుండ్రటి ఫ్రేము అని వచ్చిన ప్రతివాళ్ళకీ నప్పేదేదో చెప్పేదాన్ని. ఈ మొహం పెట్టుకుని చెబితే ఎవరు వింటారు? ఆయన తప్పేం లేదు. వెనక గదిలో ఫ్రేములు వేడిచేసి వంచడం, ఊడిన మరలు బిగించడం. మొహం చూసుకునే అద్దం అక్కడ లేదు. హాయిగా ఉంది.

ఎనిమిదింటికి లిఫ్టాయన ఫోన్ చేశాడు. ఆ పేరు అమ్మ పెట్టింది, పెళ్ళికొడుకు లిఫ్టులు బిగించే మనిషి కాబట్టి. ఏదో ఊళ్ళో కొత్త ఆసుపత్రికి ఆరు లిఫ్టులట. పెళ్ళికి మూడు రోజుల ముందుగానీ రాలేడు. రాకపోతే మాత్రమేం.

"వీడియో పెట్టొచ్చుగా" అన్నాడు.

"కెమెరా పాడైంది."

"మాటేమిటి, అలా ఉంది?"

"పన్ను నొప్పి."

"తిన్నావా?"

"తిన్నాను."

స్ట్రాతో గ్లాసుడు పాలు తాగాను. అదీ తినడంలోకే వస్తుంది.

ఈయన మా షాపుకి మొదటిసారి వచ్చింది వంగిపోయిన కళ్ళజోడుతో. దాని మీద కూర్చున్నాడట. రెండో వారం మళ్ళీ అదే కళ్ళజోడు, మళ్ళీ కూర్చున్నాడట. మూడోసారి వచ్చి "కూర్చున్నానండీ" అనగానే నేను పగలబడి నవ్వాను. ఓనరు గారు బయటికొచ్చి చూశారు. అలా మొదలైంది. అలాంటి మనిషికి ఇప్పుడేమని చెప్పాలి?

చెప్పనక్కర్లేదు. ఈలోపు తగ్గిపోతుంది.

సెప్టెంబరు 6, శుక్రవారం

ఫొటోల అమ్మాయి ఇంటికే వచ్చేసింది. పాతికేళ్ళుంటాయేమో. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. అయ్యో అనలేదు, అదే పదివేలు. అమ్మ టీ ఇస్తూ "పెళ్ళినాటికి సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడమ్మా" అంది. డాక్టరు అలా చెప్పలేదు.

ఆ పిల్ల కప్పు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "అక్కా, ఉన్నమాట చెప్తాను. నిలబెట్టి తీసేవైతే మిమ్మల్ని నాకు కావాల్సినట్టు తిప్పుకోగలను, కుడి పక్కే పడేలా చూస్తాను. చెప్పకుండా తీసేవైతే ఏ పక్క పడుతుందో నా చేతిలో ఉండదు. రెండూ నాకు వచ్చు. ఏది కావాలో మీరే చెప్పాలి. తర్వాత ఆల్బం చూసుకుని నన్ను తిట్టుకోకూడదు."

"నాకేదైనా ఒకటే."

"ఏదైనా ఒకటే అనే గడి లేదక్కా ఫారంలో."

నవ్వొచ్చింది. సగమే వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

సెప్టెంబరు 9, సోమవారం

బాబాయి అలిగి నెల దాటింది. మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఆయనే కెమెరా పట్టాడు. నా పెళ్ళికి మాత్రం బయటి పిల్లని మాట్లాడుకున్నాం. "నువ్వు పుట్టిన మూడో రోజు నుంచీ నీ మొహం నా కెమెరాలో ఉంది. ఇప్పుడు నేను పనికిరాకుండా పోయానా?" అని నాతో మూడుసార్లు అన్నాడు, అమ్మతో ఎన్నిసార్లో. ఆయన ఫొటోల్లో అందరం ఒకేలా ఉంటాం. గడ్డం పైకి, భుజాలు వెనక్కి, ఊపిరి బిగబట్టి. ఎవరో మమ్మల్ని అరెస్టు చేసి నిలబెట్టినట్టు. అందుకే వద్దనుకున్నాం.

ఈ రోజు మేమే ఆయన స్టూడియోకి నడుచుకుంటూ వెళ్ళాం. హాలు గుమ్మంలో పెట్టే బోర్డుకి నా ఫొటో కావాలని అబ్బాయి వాళ్ళమ్మ అడిగింది, పెళ్ళి బట్టల్లోనే కావాలట. బాబాయి నన్ను చూసి అలక సంగతే మర్చిపోయాడు. స్టూలు తెచ్చాడు, ఫ్యాను తిప్పాడు, నీళ్ళిచ్చాడు.

"కంగారు పడకు అమ్మడూ. మీ బాబాయి లేడూ!"

ఫొటో తీసి, కంప్యూటర్లో కుడి పక్క సగాన్ని కోసి, తిరగేసి, ఎడమ పక్కకి అతికించాడు. ఇరవై నిమిషాల పని. తెర మీద ఒకావిడ రెండు పక్కలా సమానంగా నవ్వుతోంది. అమ్మ భోరున ఏడ్చింది. "నా తల్లే, నా బంగారమే" అంటూ తెరని నిమిరింది. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"పెళ్ళిలో కూడా ఇంతే" అన్నాడు బాబాయి. "ప్రతి ఫొటో నిలబెట్టి తీస్తాను. ఎడమ పక్క ఒక్కటి పడనిస్తే నన్నడుగు. పడినా, ఇదుగో, ఇలా దిద్దేస్తాను. అబ్బాయికి ఇప్పుడే చెప్పి బెదరగొట్టడం ఎందుకు?"

అమ్మ తలూపింది. నేనూ ఊపాను. ఫొటో పంపించాం.

సెప్టెంబరు 11

లిఫ్టాయన జవాబు ఒకటే మాట. బావుంది.

తిన్నావా. తిన్నాను.

సెప్టెంబరు 14, శనివారం

ఫొటోల అమ్మాయికి ఫోన్ చేసి వద్దని చెప్పాను. నిలబెట్టి తీసేవే కావాలి, అవి మా బాబాయి తీస్తాడు అన్నాను. 'పెళ్ళి' అన్న మాట పెదాలకి అందక గాలిలా పోయింది, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు.

"సరే అక్కా. మీ బాబాయి గారికి ఒకటి చెప్పండి, ముందే సర్దుకుంటారు. కెమెరాకి మీ కుడి పక్క పడాలంటే మీరు మొహం ఎడమవైపు తిప్పాలి. అప్పుడు పెళ్ళికొడుకుని మీకు ఎడమవైపే నిలబెట్టాలి. లేకపోతే ఆయనకి వీపు తిప్పినట్టుంటుంది."

"అయితే?"

"అయితే ఏం లేదు. కెమెరాకి కుడి బుగ్గ, ఆయనకి ఎడమ బుగ్గ. అంతే చెప్తున్నాను."

ఫోన్ పెట్టేశాను. ఆ పిల్ల మామూలుగానే చెప్పింది. నేనే కాసేపు వంటింట్లో నిలబడ్డాను. పాలు పొంగి స్టవ్వంతా అయింది.

సెప్టెంబరు 18

కనుబొమ్మ కదిలిందని అమ్మ అంది. కదల్లేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

ఎనిమిదింటికి ఫోన్.

"ఒకటడుగుతాను, ఏమనుకోకు. నీకు పుట్టుమచ్చలెన్ని?"

"అదేం ప్రశ్న?"

"కుడి బుగ్గ మీద ఒకటే కదా నాకు గుర్తు. బోర్డు ఫొటోలో రెండున్నాయి. అటొకటి, ఇటొకటి. లెవెల్ పెట్టి కొలిచినట్టు సమానంగా. నేను లిఫ్టు గుమ్మాలు కూడా అంత సమానంగా బిగించలేను."

బాబాయి కంప్యూటర్లో ఏదో పొరపాటు చేశాడని చెప్పాను. ఆయన నవ్వాడు.

"కెమెరా బాగైందా?"

"ఇంకా లేదు."

"సరే. తిన్నావా?"

"తిన్నాను."

పెట్టేశాక ఆ బోర్డు ఫొటో తెరిచి చూశాను. ఉన్నాయి, రెండున్నాయి. పదమూడు రోజులుగా ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. నన్ను కన్న అమ్మ చూడలేదు. నలభై ఏళ్ళుగా మొహాలే తీసిన బాబాయి చూడలేదు. మొహాలు కొలిచి జీతం తీసుకునే నేను చూడలేదు. ముగ్గురం నోరు తిన్నగా ఉందా లేదా అనే చూశాం.

సెప్టెంబరు 25, బుధవారం

బాబాయి వచ్చాడు. బోర్డు అచ్చయిపోయిందట, ఆరడుగులది. మచ్చ మీద చర్మం రంగు స్టిక్కరు అతికించనా అని అడిగాడు. అమ్మ "వద్దులే మరిదీ, ఊరుకో" అంది. కూర్చుని చాలాసేపు టోపీ తిప్పుకున్నాడు.

"ఎట్లా చూడలేదే నేను? పాస్‌పోర్టు ఫొటోల్లో పెన్ను గీత పడితేనే కనిపెడతాను" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "నీది కాకపోయుంటే చూసుందును" అన్నాడు.

ఆయన మీద జాలేసింది. నా మీద మాత్రం ఏమీ వెయ్యలేదు.

సెప్టెంబరు 28, శనివారం

షాపులో ఒక పెద్దాయన. చెవికి ఆపరేషను అయిందట, ఒక చెవి బాగా కిందికుంది. కౌంటరులో కొత్త పిల్ల ఫ్రేముని బల్ల మీద పెట్టి, చెవుల మీదికెళ్ళే రెండు కాడలూ బల్లకి సమానంగా ఆనేలా వంచి ఇస్తోంది. ఆయన పెట్టుకోగానే ముక్కు మీద పక్కకి ఒరిగిపోతోంది. మూడుసార్లయింది. ఓనరు గారు నన్ను పిలిచారు.

నేను బల్ల జోలికి పోలేదు. ఆయన మొహానికే పెట్టి, చూసి, తీసి, వేడిచేసి, ఒక కాడ బాగా కిందికి వంచాను. బల్ల మీద పెడితే ఎగుడుదిగుడుగా, తొక్కినట్టుంది. మొహం మీద తిన్నగా కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. కొత్త పిల్లకి చూపించాను.

పెద్దాయన అద్దంలో చూసుకుని, తర్వాత నన్ను చూశాడు. "నీదెప్పుడైందమ్మా?"

"నెల అయిందండీ."

"ఇంట్లోవాళ్ళు అలవాటు పడ్డారా?"

అవునన్నాను. ఇంట్లోవాళ్ళలో లిఫ్టాయన వస్తాడా రాడా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను.

అక్టోబరు 1, మంగళవారం

ఎనిమిదింటికి మోగింది. నేనే వీడియో పెట్టాను. అమ్మకి చెప్పలేదు.

చూశాడు. హెల్మెట్టు కూడా తియ్యలేదు. వెనకాల సిమెంటు గోడ.

"ఎన్నాళ్ళయింది?"

"ముప్పై నాలుగు రోజులు. తగ్గచ్చు. తగ్గకపోవచ్చు. మీకు చెప్పకుండా పెళ్ళి చేసుకుందామనుకున్నాను. ఫొటోల్లో కూడా కనపడకుండా ఏర్పాటు చేసుకున్నాం. ఇప్పుడు చెప్తున్నాను. మీ ఇష్టం."

ఆ మాటల్ని నాలుగు రోజులు సాధన చేశాను. అయినా సగం గాలికే పోయాయి. ఆయన అలా చూస్తూనే ఉన్నాడు.

"నేను ఇప్పుడు మాట్లాడలేను" అని పెట్టేశాడు.

తిన్నావా అని అడగలేదు.

అక్టోబరు 2

ఫోన్ రాలేదు.

అక్టోబరు 3

రాలేదు.

అక్టోబరు 4

అమ్మ నన్నేమీ అడగదు. పళ్ళెంలో వడ్డిస్తుంది, తీసేస్తుంది. నాకేం బాధగా లేదు.

అక్టోబరు 5, శనివారం

నేను వద్దన్నా ఫొటోల అమ్మాయి మా తేదీని ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. ఇప్పుడు అసలు ఫొటోలే అక్కర్లేదేమో, ఇంకెవరైనా పిలిస్తే ఆ రోజు ఒప్పేసుకో అని చెబుదామని ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. మా సంగతి విన్నాక లేచి అలమరా తీసింది.

"నేనెప్పుడూ ఈ రూలు తప్పలేదక్కా. ఆల్బం అయ్యేదాకా చూపించను. మీ ఆయన మీద నాకు జాలేసి తప్పుతున్నాను. మీ మీద కాదు."

ఆయన ఫారం. పైన తేదీ ఆగస్టు 19. అంటే నాకు మొహం పడిపోవడానికి పది రోజుల ముందు. అక్షరాలు బోల్టులు బిగించినట్టు నొక్కి నొక్కి ఉన్నాయి.

శైలి అన్నచోట, నాకు తెలీదు, ఆమె ఏదంటే అది. ఎవరెవరితో తప్పకుండా తీయాలి అన్నచోట, వాళ్ళ బాబాయితో, ఆయన అలిగారని విన్నాను.

చివరి ప్రశ్న, తప్పిపోకూడని ఫొటో ఏది?

దాని కింద ఇది రాశాడు. ఎత్తి రాసుకున్నాను.

"ఆమె నవ్వు. ఆమె రెండు పక్కలా ఒకేసారి నవ్వదు. ముందు కుడి పక్క నవ్వుతుంది. ఎడమ పక్క తర్వాత వస్తుంది, కాస్త ఆలోచించుకుని వచ్చినట్టు. ఈ సంగతి ఆమెకి తెలియదనుకుంటాను. తొందరపడి నొక్కొద్దు, ఆగి తీయండి. కళ్ళజోడు మీద మూడోసారి కూర్చున్నానని చెప్పినప్పుడు చూశాను. నిజానికి మూడోసారి కూర్చోలేదు. చేత్తోనే వంచాను."

"అక్కా, నీళ్ళు తాగుతారా?" అని అడిగింది ఆ పిల్ల.

ఎడమ కన్ను సంగతి వదిలెయ్యొచ్చు, అది ఎప్పుడూ కారేదే. ఈ రోజు కుడి కన్ను. బాధగా ఉంది. ముప్పై ఎనిమిది రోజులుగా బాధగానే ఉంది. మొహం పోయినందుకు ఉంది, అబద్ధాలాడినందుకు ఉంది, అమ్మ తెరని నిమిరినందుకు ఉంది. అన్నీ అక్కడే, ఆ పిల్ల సోఫాలో కూర్చుని ఏడ్చాను. ముక్కు, కళ్ళు, నోరు, ఏది ఎటు కారుతోందో తెలియలేదు. ఆ పిల్ల టవలిచ్చింది.

అక్టోబరు 6, ఆదివారం

పొద్దున పదింటికి బెల్లు. అమ్మ తలుపు తీసి "ఓరి నాయనో" అని పక్కకి తప్పుకుంది. లిఫ్టాయన. చేతిలో చిన్న సంచి, మొహం నిండా గడ్డం.

"కోపంగా ఉంది" అన్నాడు చెప్పులు విప్పుతూనే. "తగ్గాక మాట్లాడదామనుకున్నాను. తగ్గట్లేదు. అందుకని వచ్చేశాను."

"మొహం గురించే కదా."

"మొహమా! రోజూ ఎనిమిదింటికి తిన్నావా అని అడిగాను. తిన్నాను అన్నావు. నెల రోజుల పైన. ఏం తిన్నావు?"

"పాలు."

"ఎట్లా?"

"స్ట్రాతో."

కుర్చీలో కూలబడ్డాడు. సంచి ఒళ్ళోనే ఉంది. "నేనక్కడ హాయిగా కడుపునిండా తిని, పడుకుని… నన్నంత పరాయివాణ్ణి చేశావేంటి?"

తప్పయిందన్నాను. ఇంకెప్పుడూ చెయ్యనన్నాను. ఆయన ఊఁ అన్నాడు, ఇంకా కోపంగానే. అమ్మ వంటింట్లో చప్పుడు లేకుండా నిలబడి ఉంది, వింటోందని తెలుస్తూనే ఉంది.

"మీరు మూడోసారి కళ్ళజోడు మీద కూర్చోలేదట కదా?" అన్నాను.

ఆయన చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి. "ఎవరు చెప్పారు?"

నవ్వొచ్చింది. చెయ్యి పైకి లేవబోతుంటే దించేశాను. కుడి పక్క నవ్వింది. ఆయన చూశాడు. నేను నవ్వడం అయిపోయినా ఎడమ వైపే చూస్తున్నాడు.

"అది రాదు" అన్నాను.

"నాకేం తొందర లేదు" అన్నాడు.

అక్టోబరు 7

ఫారం నింపి పంపాను. ఫొటోలు ఆ పిల్లే తీస్తుందని బాబాయికి నేనే వెళ్ళి చెప్పాను. మొదటి ప్రశ్నకి, చెప్పకుండా తీసేవి. ఏ పక్కనుంచైనా.

అక్టోబరు 13, ఆదివారం

అయింది. అలసిపోయాను. గుమ్మంలో ఆరడుగుల నేను, రెండు పుట్టుమచ్చలతో. ఒక్కరూ గమనించలేదు. లోపలికొస్తూ ఆయన మాత్రం ఎడమ మచ్చ మీద బొటనవేలు పెట్టి మూసి, నా వైపు చూసి తలూపాడు. బాబాయి కెమెరా లేకుండా వచ్చాడు. అయినా ఫొటోల అమ్మాయి వెనకాల నిలబడి పొద్దస్తమానం "గడ్డం పైకి! గడ్డం పైకి!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల పాపం ఏమీ అనలేదు.

నవంబరు 3, ఆదివారం

ఆల్బం వచ్చింది. కనురెప్ప ఇప్పుడు సగం మూసుకుంటోంది. పెదవి ఇంకా కదల్లేదు.

ఎడమ పక్క చాలా ఫొటోల్లో పడింది. ఆల్బం మూసేసి, బట్టలు మడతపెట్టి, వచ్చి మళ్ళీ తెరిచాను.

ఒకటుంది. బాబాయి గడ్డం పైకి అని అరుస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. కుడి పక్కంతా నవ్వు. ఎడమ పక్క ఊరికే ఉంది. లిఫ్టాయన నాకు ఎడమవైపు నిలబడ్డాడు. హాలంతా కెమెరా వైపు చూస్తోంది. ఆయన ఒక్కడూ నా ఎడమ బుగ్గ వైపు చూస్తున్నాడు, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా.

బాబాయి కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. "అబ్బాయి కెమెరా వైపు చూడనేలేదు. ఇది పనికిరాదు" అన్నాడు.

ఫ్రేము కట్టమని బాబాయి చేతికే ఇచ్చాను.